సామాజిక విధానాన్ని పీజీలో చదవడం ఎలా: ఒక్క పథకాన్ని పట్టుకుని చివరిదాకా

సామాజిక విధానం (సోషల్ పాలసీ), అంటే పింఛను, వైద్యం, చదువు లాంటివి ఎవరికి, ఎలా అందాలో చూసే ఈ సబ్జెక్టుకు వచ్చేవాళ్లలో చాలామంది ఏదో ఒక అన్యాయాన్ని దగ్గర నుంచి చూసి వస్తారు. వైద్యం ఖర్చుకు ఇల్లు అమ్ముకున్న కుటుంబాన్నో, మధ్యలో బడి మానేసిన పిల్లనో, అర్హత ఉండీ పింఛను రాని ముసలాయననో చూసి, 'ఇది ఇలా ఎందుకుంది?' అన్న ప్రశ్నతో సీటు తెచ్చుకుంటారు. మొదటి సెమిస్టర్ అయ్యేసరికి చేతిలో పాతిక సిద్ధాంతాల పేర్లుంటాయి, వెంట తెచ్చుకున్న ప్రశ్న మాత్రం ఎక్కడో జారిపోతుంది. నాకు అదే జరిగింది. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చాయి. డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) మొదలుపెట్టాల్సిన రోజున నాదంటూ ఒక్క ప్రశ్నా లేదు.

అందుకే ఇక్కడ నేను చెప్పబోయేది ఒక్క పద్ధతి. చేరిన మొదటి వారంలోనే ఒక పథకాన్ని ఎంచుకోండి. క్లాసులో చెప్పే ప్రతి సిద్ధాంతాన్నీ, ప్రతి పరిశోధన పద్ధతినీ దాని మీదే పెట్టి చూడండి. విధానం కాగితం మీద ఒకలా ఉంటుంది, కౌంటర్ దగ్గర ఇంకోలా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో, ఎందుకో, ఎవరు పోరాడితే తగ్గిందో ఆధారాలతో చెప్పగలిగితే మీరు ఈ చదువు చదివినట్టే.

కోర్సు ఎంచుకునే ముందు

పేరు ఒకటే అయినా ఒక్కో సంస్థ ఈ విషయంలోకి ఒక్కో వాకిలి నుంచి వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో రిచర్డ్ టిట్మస్ 1950లో ప్రొఫెసర్ అయింది 'సోషల్ అడ్మినిస్ట్రేషన్'కు. సంక్షేమ సేవలు ఎలా నడుస్తున్నాయి, ఎవరికి అందుతున్నాయి అన్నది అక్కడి మొదటి ప్రశ్న. హేగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్ 1952లో, ససెక్స్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1966లో మొదలయ్యాయి. వాటి దారి అభివృద్ధి అధ్యయనాలది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో సోషల్ వర్క్ శిక్షణతో మొదలైంది. కొన్నిచోట్ల ఇదే కోర్సు అర్థశాస్త్రం నీడలో ఉంటుంది, మరికొన్నిచోట్ల సమాజశాస్త్రం నీడలో.

కాబట్టి బ్రోషర్‌లో రాసిన గొప్పలు పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. తప్పనిసరి పేపర్లలో గణాంక పద్ధతులూ ఇంటర్వ్యూ పద్ధతులూ రెండూ ఉన్నాయా? డిసర్టేషన్‌కు కనీసం నాలుగైదు నెలల సమయం ఇస్తున్నారా? పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఐదేళ్లలో దేని మీద రాశారు? మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. మీకు పిల్లల పోషణ మీద ఆసక్తి ఉండి, అక్కడ అందరూ పింఛన్ల మీదే పనిచేస్తుంటే, రేపు మీ రాత చదివి సరిదిద్దే మనిషి దొరకరు.

ఏడాది కోర్సా, రెండేళ్లదా అన్నది చాలామంది అడుగుతారు. ఇప్పటికే ఏదో ఒక రంగంలో పనిచేసి, ప్రశ్నతో వచ్చేవాళ్లకు ఏడాది సరిపోతుంది. డిగ్రీ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు రెండేళ్లే మేలని నా అభిప్రాయం. మొదటి ఏడాది సబ్జెక్టు భాష అలవాటు కావడానికే పోతుంది.

దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే లేఖ) గురించి ఒక్క మాట. 'పేదలకు సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల' అన్న వాక్యం ఎంపిక కమిటీ ఏటా వందలసార్లు చదువుతుంది. దాని బదులు మీరు కళ్లారా చూసిన ఒక చిక్కును నాలుగు వాక్యాల్లో చెప్పి, దాని గురించి మీకింకా అర్థం కానిదేమిటో ఐదో వాక్యంలో రాయండి. ఆ ఐదో వాక్యం చూసే సీటు ఇస్తారు.

పథకాన్ని ఎంచుకోవడం

ఎలాంటి పథకం పనికొస్తుంది? దాని అసలు పత్రం మీ చేతికి రావాలి: చట్టమో, ఉత్తర్వో, మార్గదర్శకాలో. వార్తల్లో వచ్చిన సారాంశం సరిపోదు. సమాచార హక్కు చట్టం ఉన్న దేశమైతే అడిగి తెచ్చుకోవచ్చు. ప్రభుత్వ పత్రాలను చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టం చేసింది, ఇవాళ వందకు పైగా దేశాల్లో అలాంటి చట్టాలున్నాయి. పథకానికి కొంత వయసుండాలి. నిన్న ప్రకటించిన దానికి చరిత్ర ఉండదు, ఫలితాలూ ఉండవు. దాని మీద ఎవరో ఒకరు గొడవపడుతుండాలి, ఎందుకంటే గొడవ ఉన్నచోటే విలువల ఘర్షణ బయటపడుతుంది. ఆఖరుగా, ఆ పథకం తాకే మనుషుల దగ్గరికి మీరు వెళ్లగలగాలి.

ఈ వ్యాసం పొడుగునా ఒక ఊహా పథకాన్ని పట్టుకుని నడుద్దాం. భర్త చనిపోయిన స్త్రీలకు నెలనెలా పింఛను ఇచ్చే పథకం అనుకోండి.

పత్రాన్ని మాట మాటగా చదవడం

ఈ చదువులో అన్నిటికన్నా విలువైన నైపుణ్యం ఇదేనని నా నమ్మకం. క్లాసులో దీనికిచ్చే సమయం మాత్రం చాలా తక్కువ.

మన ఊహా పథకం మార్గదర్శకాల్లో ఇలా ఉందనుకుందాం: 'దరఖాస్తుదారు 40 ఏళ్లు నిండిన వితంతువై ఉండవలెను. భర్త మరణ ధ్రువపత్రం జతపరచవలెను. కుటుంబ వార్షికాదాయం నిర్ణీత పరిమితికి మించరాదు. పునర్వివాహం జరిగిన నాటి నుండి పింఛను నిలిపివేయబడును.'

నాలుగే వాక్యాలు. ఒక తెల్లకాగితం తీసుకుని ఒక్కో మాట కింద ప్రశ్నలు రాయండి.

40 ఏళ్లు. ముప్ఫై రెండేళ్లకే భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మిగిలిన మనిషి సంగతేమిటి? ఆ వయసు గీత వెనక ఒక నమ్మకం ఉంది: చిన్న వయసు స్త్రీ పని చేసుకోగలదు, లేదా మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. ఆ నమ్మకాన్ని పత్రంలో ఎక్కడా రాయలేదు. అది ఆ అంకెలో ఉంది.

మరణ ధ్రువపత్రం. భర్త పనికోసమని వెళ్లి తిరిగి రాలేదు, బతికున్నాడో లేదో తెలియదు. చాలా దేశాల చట్టాల్లో ఏడేళ్లు ఆచూకీ లేకపోతే తప్ప మరణించినట్టు భావించరు. ఆ ఏడేళ్లూ ఆమె ఈ పథకం దృష్టిలో భర్త ఉన్న స్త్రీ. వదిలేసి వెళ్లిపోయినవాడి భార్య అయితే ఎప్పటికీ అంతే.

కుటుంబ ఆదాయం. ఏ కుటుంబం? అత్తింటివాళ్లు పంపేశాక అన్న ఇంట్లో తల దాచుకుంటే, అన్న సంపాదన ఆమె ఆదాయం అవుతుందా? అందులో ఒక్క రూపాయి ఆమె చేతికి రాకపోయినా? కుటుంబంలో డబ్బు అందరికీ సమానంగా పంచుకుంటారన్న ఊహ మీద ప్రపంచంలోని చాలా పథకాలు నిలబడి ఉన్నాయి. దాన్ని ప్రశ్నించడం స్త్రీవాద అర్థశాస్త్రవేత్తలు ఈ రంగానికి చేసిన పెద్ద మేళ్లలో ఒకటి.

ఇక చివరి మాట, 'నిలిపివేయబడును'. ఎవరు నిలిపేస్తారు? ఎవరు చెబితే? ఆ కర్మణి ప్రయోగం వెనక ఒక మనిషి దాక్కున్నాడు. ఆచరణలో ఆ పని పొరుగువాళ్ల ఫిర్యాదు మీద జరుగుతుంది, అంటే ఆమె ఇంటికి ఎవరు వచ్చిపోతున్నారో చూసే అధికారం ఊరికి దక్కుతుంది. ప్రభుత్వ పత్రాల్లో ఇలాంటి క్రియాపదం కనిపించినప్పుడల్లా కర్త ఎవరని అడగండి.

ఇదంతా అయ్యాక వెనక్కి జరిగి ఇంకో ప్రశ్న వేయాలి. ఆస్ట్రేలియా పరిశోధకురాలు కరోల్ బాకీ దీన్ని ఒక పద్ధతిగా మలిచారు: ఈ విధానం దేన్ని సమస్యగా చూపిస్తోంది? మన పథకం దృష్టిలో సమస్య 'మగదిక్కు లేకపోవడం'. సమస్య 'ఆమెకు ఆస్తిలో వాటా లేకపోవడం' అనుకుంటే పరిష్కారం పింఛనుతో ఆగదు, వారసత్వ చట్టం దాకా వెళ్తుంది. 'ఆడవాళ్ల పనికి కూలి తక్కువ' అనుకుంటే ఇంకో దారి. సమస్యకు పేరు పెట్టినప్పుడే పరిష్కారాల్లో సగం జాబితాలోంచి తప్పుకుంటాయి.

ఒక మధ్యాహ్నం కేటాయించి ఈ పని చేయండి. మీరు రాసిన ఆ కాగితాన్ని కోర్సు అయ్యేదాకా దాచుకోండి.

చరిత్రను ఎందుకు, ఎంతవరకు

తేదీలు బట్టీ పట్టనక్కర్లేదు. ప్రతి మైలురాయి దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: అప్పుడు పాలకులు దేనికి భయపడ్డారు, కింద నుంచి ఎవరు నెట్టారు?

జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ 1883లో అనారోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య, వైకల్య బీమా తెచ్చాడు. అంతకుముందు 1878లో ఆయనే సోషలిస్టుల కార్యకలాపాలను నిషేధించాడు. కార్మికులు సోషలిస్టుల వెనక పోకుండా వాళ్లను రాజ్యానికి కట్టేయడం ఆ బీమాల వెనకున్న లెక్క. పైగా వృద్ధాప్య పింఛను వయసు 70 ఏళ్లు, ఆ కాలంలో అన్నేళ్లు బతికిన కార్మికులు కొద్దిమందే. ఒక విధానం వెనక దయ, భయం, పొదుపు మూడూ కలిసి ఉండొచ్చని ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది.

ఇంగ్లండ్ పేదల చట్టం 1834లో మారినప్పుడు ఒక సూత్రం పెట్టారు: సాయం పొందేవాడి స్థితి, సొంతంగా బతికే అతి పేద కూలీ స్థితికన్నా హీనంగా ఉండాలి. అలా ఉంటేనే ఎవరూ సాయానికి ఎగబడరని వాళ్ల వాదన. ఇవాళ ఏ దేశంలోనైనా సంక్షేమం మీద జరిగే టీవీ చర్చ వినండి, ఆ సూత్రం కొత్త బట్టలేసుకుని కనిపిస్తుంది. బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు పునాది వేసిన 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి అన్న ఐదుగురు రాక్షసుల మీద యుద్ధం ప్రకటించింది. అదే నివేదిక పెళ్లయిన స్త్రీని భర్త మీద ఆధారపడే మనిషిగా లెక్కగట్టింది. మీరు 40 ఏళ్ల గీత కింద రాసుకున్న ప్రశ్నకు తల్లివేరు ఎక్కడుందో ఇక్కడ దొరుకుతుంది.

సిద్ధాంతాలతో పని చేయించడం

సిద్ధాంతం గురించి ఎస్సేలో రెండు పేజీలు రాసి, తర్వాత దాన్ని మరిచిపోయి పథకం వర్ణన రాయడం విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు. ప్రతి సిద్ధాంతాన్నీ ఒక ప్రశ్నగా మార్చుకోండి, దాన్ని మీ పథకాన్ని అడగండి.

బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త టి.హెచ్. మార్షల్ 1949లో ఇచ్చిన ఉపన్యాసాల్లో పౌరసత్వం మూడు మెట్లుగా పెరిగిందన్నాడు: 18వ శతాబ్దంలో పౌర హక్కులు (స్వేచ్ఛ, న్యాయం), 19లో రాజకీయ హక్కులు (ఓటు), 20లో సామాజిక హక్కులు (చదువు, సంక్షేమం). ఇప్పుడు ప్రశ్న: మన పింఛను హక్కా, దయా? తేల్చుకోవడం తేలికే. డబ్బు ఇవ్వనప్పుడు ఆమె ఎవరినైనా నిలదీయగలదా, పై అధికారికి అప్పీలు ఉందా, గడువు ఉందా అని పత్రంలో వెతకండి.

డెన్మార్క్ సమాజశాస్త్రవేత్త గోస్టా ఎస్పింగ్-ఆండర్సన్ 1990లో 18 సంపన్న దేశాలను పోల్చి, సంక్షేమ రాజ్యాలను మూడు రకాలుగా విడగొట్టాడు: ఉదారవాద (ఎక్కువగా మార్కెట్‌కు వదిలేసేది), సంప్రదాయవాద (కుటుంబం, ఉద్యోగం మీద నిలబడేది), సామాజిక ప్రజాస్వామ్య (రాజ్యం అందరికీ ఇచ్చేది) నమూనాలు. మార్కెట్లో పని అమ్ముకోకుండానే మనిషి గౌరవంగా బతకగలడా అన్నది ఆయన కొలబద్ద. దీన్ని చదివాక ఆగిపోకండి. ఇంట్లో జీతం లేకుండా వండి, వడ్డించి, పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే స్త్రీల పని ఆ కొలబద్దకు అందలేదని స్త్రీవాదులు వెంటనే పట్టుకున్నారు. బీద దేశాల్లో మనిషిని కాపాడేది రాజ్యమో మార్కెట్టో కాదు, చుట్టరికమూ పెద్ద ఆసాముల దయా అని ఇయాన్ గఫ్, జెఫ్ వుడ్ 2004లో చూపించారు. ఆ దయకు మనిషి కట్టే మూల్యం జీవితాంతం విధేయతగా ఉండటం. నా మటుకు నాకు ఈ చివరి వాదన చదివిన రోజున అప్పటిదాకా చదివిందంతా కొత్తగా అర్థమైంది.

పథకాలు ఎప్పుడు పుడతాయన్నదానికి అమెరికా రాజకీయ శాస్త్రవేత్త జాన్ కింగ్డన్ 1984లో చెప్పినది పనికొస్తుంది. సమస్యల ప్రవాహం, పరిష్కారాల ప్రవాహం, రాజకీయ ప్రవాహం దేని దారిన అవి పారుతుంటాయి, మూడూ కలిసిన క్షణంలో ఒక కిటికీ తెరుచుకుంటుంది. పుట్టాక ఏమవుతుందో మరో అమెరికా రాజకీయ శాస్త్రవేత్త పాల్ పియర్సన్ చెబుతాడు: పథకం తన చుట్టూ కొత్త లబ్ధిదారులనూ కొత్త ఓటర్లనూ తయారుచేసుకుంటుంది, అందుకే పెట్టినంత తేలికగా దాన్ని ఎత్తేయలేరు. మీ పథకం ఏ ఏడాది వచ్చిందో, ఆ ఏడాదికి ముందు రెండేళ్లలో ఏం జరిగిందో పాత వార్తాపత్రికల్లో చూడండి. రెండు మూడు రోజుల పని, కానీ తెలిసేది చాలా.

సామాజిక మార్పు అన్న రెండో సగం

కొన్ని కోర్సుల పేరులో 'విధానం'తో పాటు 'మార్పు' అన్న మాట ఉన్నా, చాలామంది దాన్ని చివరి అధ్యాయంలో ఒక పేరాకు వదిలేస్తారు. మార్పు అంటే ఏమిటో చూడాలంటే వికలాంగుల ఉద్యమాన్ని చదవండి.

1970ల దాకా విధానాల దృష్టిలో వైకల్యం ఒంట్లో ఉంది. కాలు పనిచేయదు, కాబట్టి వైద్యం, లేదా భృతి, లేదా ఆశ్రమం. 1976లో బ్రిటన్‌లో వికలాంగులే నడిపే ఒక చిన్న సంఘం ఆ మాటను తిరగేసింది. కాలు పనిచేయకపోవడం ఒకటి, మెట్లు మాత్రమే కట్టడం వేరొకటి అంది. మనిషిని ఆపుతున్నవి మెట్లు, మెట్లు కట్టింది సమాజం. 1983లో, తానూ వికలాంగుడైన బ్రిటిష్ పరిశోధకుడు మైక్ ఆలివర్ దీనికి 'సామాజిక నమూనా' అని పేరు పెట్టాడు. 1990 మార్చిలో వాషింగ్టన్‌లో పదుల కొద్దీ వికలాంగులు చక్రాల కుర్చీలు, ఊతకర్రలు కింద వదిలేసి, అమెరికా పార్లమెంటు భవనం మెట్లను చేతులతో, మోకాళ్లతో పాకుతూ ఎక్కారు. ఆ జులైలో వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం పడింది. 2006లో వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది.

ఈ కథలో విధానం మారడానికి చాలా ముందే సమస్య నిర్వచనం మారింది, మార్చింది ఆ బాధ పడ్డవాళ్లే. మీ పథకానికి కూడా ఈ ప్రశ్న వేయండి: దీని నిర్వచనాన్ని మార్చాలని ఎవరైనా అడిగారా? ఒంటరి స్త్రీల సంఘాలు 'వితంతువు' అన్న మాటనే వద్దన్నాయా? ప్రభుత్వ పత్రాల్లో ఈ జవాబు దొరకదు. కరపత్రాలు, సభల తీర్మానాలు, ధర్నాల వినతిపత్రాలు వెతకాలి.

అమలు: కాగితం నుంచి కౌంటర్ దాకా

1966లో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఓక్లాండ్ నగరంలో నిరుద్యోగులకు ఉద్యోగాలు కల్పించడానికి సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్ల కార్యక్రమం ప్రకటించింది. డబ్బుంది, సదుద్దేశం ఉంది, పెద్దగా వ్యతిరేకించినవాళ్లూ లేరు. అయినా మూడేళ్లకు అనుకున్న ఉద్యోగాల్లో కొద్దిభాగమే వచ్చింది. జెఫ్రీ ప్రెస్‌మన్, ఆరన్ విల్డావ్‌స్కీ 1973లో దీని మీద రాసిన పుస్తకంలో ఒక లెక్క ఉంది, దాన్ని మీరే చేసి చూడండి. ఒక పథకం నెరవేరాలంటే 70 చోట్ల ఎవరో ఒకరు 'సరే' అనాలి అనుకోండి. ప్రతిచోటా సరే అనే అవకాశం 99 శాతం అయినా, 70 మెట్లూ దాటే అవకాశం సగానికి తక్కువే. 95 శాతం అయితే 3 శాతం కూడా లేదు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే పథకం చచ్చిపోగలదు.

మీ పథకానికి ఈ మెట్లన్నీ ఒక కాగితం మీద గీయండి. దరఖాస్తు ఎక్కడ దొరుకుతుంది, ఎవరి సంతకాలు, ఏ సర్టిఫికెట్ ఇంకే ఆఫీసు ఇస్తుంది, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు. పాతిక మెట్లకు తగ్గవు.

చివరి మెట్టు మీద కూర్చున్న మనిషి గురించి అమెరికా రాజకీయ శాస్త్రవేత్త మైఖేల్ లిప్స్కీ 1980లో రాశాడు. కౌంటర్‌లో గుమస్తా, బడిలో టీచరు, ఆసుపత్రిలో నర్సు. పని ఎక్కువ, సమయం తక్కువ, నిబంధనలు అన్ని సందర్భాలకూ సరిపోవు. అందుకే వాళ్లు సొంత అడ్డదారులు కనిపెడతారు, జనానికి అందే విధానం ఆ అడ్డదారులే. ఇదంతా చదివాక ఓ రోజు కౌంటర్ దగ్గర నిలబడండి.

'ఈ కాగితం చాలదమ్మా, సర్టిఫికెట్ పట్రా.'

'ఏ ఆఫీసులో ఇస్తారు బాబూ?'

'వచ్చినచోటే అడుగు. తర్వాత ఎవరు?'

ఆ 'తర్వాత ఎవరు' అన్న మాటతో ఒక మనిషి దరఖాస్తు ఆగిపోయింది. ఏ రికార్డులోనూ అది తిరస్కరణగా నమోదు కాదు. గుమస్తా మీద కోపం తెచ్చుకునే ముందు ఆ పూట ఆయన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.

అంకెలకు భయపడకండి

గణాంకాల పేపర్ అనగానే సామాజిక శాస్త్రాల విద్యార్థులు వణుకుతారు. నేనూ వణికాను. కానీ కావాల్సింది కష్టమైన గణితం కాదు, అంకె ఎలా తయారైందని అడిగే అలవాటు.

ప్రపంచ బ్యాంకు కడు పేదరికపు రేఖ 2015లో రోజుకు 1.90 డాలర్లు, 2022లో 2.15, 2025లో 3 డాలర్లు. చివరిసారి మార్చినప్పుడు లెక్కలో పేదల సంఖ్య కోట్లలో పెరిగింది. ఆ రోజు ఎవరి బతుకూ మారలేదు, మారింది గీత. 2010 నుంచి వాడుతున్న బహుముఖ పేదరిక సూచిక డబ్బును పక్కన పెట్టి ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాల్లో 10 అంశాలు చూస్తుంది. వాటి మొత్తం బరువులో మూడోవంతు లేదా అంతకన్నా ఎక్కువ లోటు ఉన్నవాళ్లను పేదలంటుంది. రెండు కొలతల్లో ఏది తీసుకుంటే మీ పథకం విజయవంతంగా కనిపిస్తుందో చూడండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 1000 మంది ఉన్నారు, అందులో 200 మంది నిజంగా పేదలు. అర్హత పరీక్ష 90 శాతం కచ్చితం. అంటే 200 మంది పేదల్లో 20 మంది జాబితా బయట పడతారు. పేదలు కాని 800 మందిలో 80 మంది లోపలికి వస్తారు. జాబితాలో మొత్తం 260 మంది, వాళ్లలో దాదాపు మూడోవంతు అనర్హులు! పత్రికలు ఆ 80 మంది గురించే రాస్తాయి. బయట ఉండిపోయిన 20 మంది గురించి ఎవరూ రాయరు, వాళ్లు ఏ జాబితాలోనూ లేరు కాబట్టి. నిబంధనలు బిగిస్తే 80 తగ్గుతుంది, 20 పెరుగుతుంది. ఏ తప్పును ఎక్కువ భరిస్తామన్నది విలువల నిర్ణయం, దానికి గణాంకాలు జవాబు చెప్పవు. అందరికీ ఇవ్వాలా, ఎంపిక చేసి ఇవ్వాలా అన్న పాత వాదన గుండె ఇక్కడుంది.

ఫలితాల కొలతకు రెండు ప్రయోగాలు తప్పక చదవండి. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా, పిల్లల్ని బడికి, ఆరోగ్య కేంద్రానికి పంపే తల్లులకు నగదు ఇచ్చింది. 506 గ్రామాల్లో 320కి ముందుగా, మిగతా 186కి తర్వాతి దశలో ఇచ్చి తేడా కొలిచారు. బడిలో పిల్లల సంఖ్య పెరిగింది, ఆ పద్ధతిని ఎన్నో దేశాలు తీసుకున్నాయి. షరతులు నెరవేర్చడానికి తల్లులు తిరిగే తిరుగుడును మాత్రం స్త్రీవాద పరిశోధకులే ఎత్తిచూపాల్సి వచ్చింది. ఫిన్లాండ్ 2017, 2018 సంవత్సరాల్లో 2000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఏ షరతూ లేకుండా ఇచ్చింది. ఉద్యోగాల్లో తేడా కొద్దిగానే కనిపించింది, మనశ్శాంతిలో ఎక్కువ. ఇది సఫలమా, విఫలమా? మీరు పథకం లక్ష్యం ఏమిటనుకున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

సొంతంగా డేటాతో తంటాలు పడాలనుకుంటే జనాభా, ఆరోగ్య సర్వేల డేటా, దేశాల మధ్య ఆదాయాలను పోల్చే లక్సెంబర్గ్ ఆదాయ అధ్యయనం డేటా నమోదుతో దొరుకుతాయేమో చూడండి. ఒక్క పట్టిక మీరే తయారుచేస్తే చాలు, భయం పోతుంది.

ఫీల్డ్‌వర్క్

ఎథిక్స్ అనుమతి (మీ పరిశోధన వల్ల మనుషులకు హాని ఉండదని చూసి సంస్థ ఇచ్చే అనుమతి) లేకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకండి. ఆ అనుమతి రావడానికి నెల పైనే పట్టొచ్చు, కాబట్టి ముందే అడగండి.

అనుమతి పత్రం మీద సంతకం తీసుకోవడంతో నైతికత అయిపోదు. మీరు నోట్‌బుక్‌తో ఒక ఇంటి ముందు నిలబడగానే వాళ్లు మిమ్మల్ని ఆఫీసు మనిషి అనుకుంటారు. 'మా పేరు రాసుకోండి' అంటారు. పింఛను ఇప్పించడం మీ చేతిలో లేదని మొదటే, మధ్యలో, వెళ్లేటప్పుడు చెప్పండి. మూడుసార్లు చెప్పినా కొందరు ఆశ పెట్టుకుంటారు. ఆ బరువు మోయడం ఈ పనిలో భాగం. ఆఫీసు ముందు క్యూలో ఉన్నవాళ్లతో మాత్రమే మాట్లాడితే, క్యూ దాకా రాలేనివాళ్లు మీ అధ్యయనంలోనూ లేకుండా పోతారు, వాళ్లను వెతకాలి.

అడిగే ప్రశ్నల్లో సబ్జెక్టు మాటలు వద్దు. 'పథకం వల్ల మీ సాధికారత ఎలా పెరిగింది?' అంటే మర్యాదకొద్దీ 'బాగా పెరిగింది' అంటారు. 'మొన్న డబ్బు వచ్చిన రోజున ఎవరు తెచ్చారు, ముందు దేనికి ఖర్చుపెట్టారు?' అని అడగండి. రాత్రికి పడుకోబోయే ముందే నోట్స్ రాయండి. తెల్లారితే మాటలు గుర్తుంటాయి కానీ ఆ మాట అనేముందు ఆమె ఎంతసేపు ఆగిందో గుర్తుండదు.

డిసర్టేషన్

చాలా కోర్సుల్లో ఇది 10,000 నుంచి 20,000 పదాలు. నా మొదటి ప్రతిపాదన పేరు 'మహిళా సంక్షేమం, సామాజిక మార్పు: ఒక సమగ్ర అధ్యయనం'. మా గైడ్ అంచున మూడు ప్రశ్నలు రాసి వెనక్కిచ్చారు: ఎవరు? ఎప్పుడు? దేనితో పోలిస్తే? నెల రోజులు పట్టింది ఆ మూడింటికి జవాబు రాయడానికి.

మన ఊహా పథకంతో ఆ కుదింపు చేసి చూద్దాం. 'వితంతు పింఛను ప్రభావం' అన్నది విషయం, ప్రశ్న కాదు. 'పింఛను అర్హులకు ఎందుకు అందడం లేదు?' మెరుగే, ఇంకా విశాలం. 'భర్త ఆచూకీ లేని స్త్రీల దరఖాస్తులను కౌంటర్ సిబ్బంది ఎలా తేలుస్తున్నారు, రెండు ఆఫీసుల మధ్య తేడా ఎందుకొస్తోంది?' ఇది ఒక విద్యార్థి నాలుగైదు నెలల్లో చేయగల ప్రశ్న. సిద్ధాంతం ఉంది, పోలిక ఉంది, వెళ్లి చూడగల చోటూ ఉంది. మొదటి వారాల్లో దాచుకున్న ఆ తెల్లకాగితం తీయండి. మంచి ప్రశ్న చాలాసార్లు అందులోనే ఉంటుంది.

గైడ్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. అప్పుడప్పుడే రాసిన రెండు పేజీలైనా ముందురోజు పంపండి. మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపితే, రెండు నెలల తర్వాత 'నేనలా అనలేదు' అన్న ఇబ్బంది ఇద్దరికీ ఉండదు. పద్ధతుల అధ్యాయాన్ని ఫీల్డ్ నుంచి వచ్చిన వారంలోనే రాసేయండి. సాహిత్య సమీక్షలో ఒక్కో రచయితకు ఒక్కో పేరా ఇస్తే అది జాబితా అవుతుంది, ఒక్కో వాదనకు ఒక పేరా ఇచ్చి అందులో ఎవరు ఎటువైపో చెప్పండి. మీ ఊహకు ఎదురు తిరిగిన ఇంటర్వ్యూలను దాచేయకుండా, వాటికే ఒక విభాగం పెట్టండి. పరీక్షకులు ముందు వెతికేది దాన్నే.

సమర్పించాక ఇంకో పని మిగిలి ఉంటుంది. మీరు కనుక్కున్నది రెండు పేజీల్లో, సబ్జెక్టు మాటలు లేకుండా, మీతో మాట్లాడినవాళ్ల భాషలో రాయండి. వాళ్ల పేర్లూ గుర్తుపట్టగల వివరాలూ తీసేసి ఒక కాపీ ఆ ఆఫీసుకు, ఒకటి ఆ స్త్రీల సంఘానికి ఇవ్వండి. వీలైతే మీరే వెళ్లి చదివి వినిపించండి. 'ఇది తప్పు, మేమలా అనలేదు' అని ఎవరైనా అంటే రాసుకోండి.